రంగు మారింది, అక్రిలిక్ గట్టిపడలేదు: లోహం చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

ప్రశ్న ఇది. అడిగినాయన పదేళ్లుగా పాలియెస్టర్ రెజిన్‌తో ఫైబర్ పని చేస్తున్నారు. కోబాల్ట్ కలిపిన రెజిన్‌లో ఎంఈకేపీ, అంటే గట్టిపరిచే పెరాక్సైడ్ ద్రవం, పోయగానే గులాబీ రంగు పోయి పసరు రంగు తిరగడం, కాసేపటికి సెట్ అవడం చూసి చూసి అలవాటైపోయింది. ఇప్పుడు అక్రిలిక్‌తో, అంటే మిథైల్ మెథాక్రిలేట్ సిరప్‌తో, అద్దంలా ఉండే మెమెంటోలు పోయాలనుకున్నారు. అదే కోబాల్ట్, అదే ఎంఈకేపీ వేశారు. రంగు మారింది గానీ నాలుగు గంటలైనా సిరప్ తేనెలా జారుతూనే ఉంది. కోబాల్ట్ రెట్టింపు చేస్తే ఇంకా ఆలస్యమైంది. "అక్రిలిక్‌ని మొదలుపెట్టించి, అయిపోగానే రంగుతో చెప్పే లోహం ఏదైనా ఉందా?" అని అడుగుతున్నారు.

ఇరవై ఆరేళ్లుగా రెజిన్లతోనే నా పని. ముందు ల్యాబ్‌లో, తర్వాత షాప్ ఫ్లోర్ మీద. ఉన్న మాట ముందే చెప్తాను. అక్రిలిక్‌ని మొదలుపెట్టించే లోహాలు చాలా ఉన్నాయి. మొదలుపెడుతూ రంగు మార్చేవీ ఉన్నాయి. కానీ "అయిపోయింది, అచ్చులోంచి తీసుకో" అని రంగుతో చెప్పే లోహం మాత్రం నాకు ఇంతవరకూ కనపడలేదు. లోహం రంగు ఆ లోహం దగ్గర ఎలక్ట్రాన్ ఉందా, పోయిందా అన్నది చెబుతుంది. మోనోమర్, అంటే గొలుసుగా కలవాల్సిన చిన్న అణువు, ఎంత మిగిలింది, గొలుసు, అదే పాలిమర్, ఎంత పెరిగింది అన్న సంగతి దానికి తెలియదు. మీ అనుభవమే దీనికి సాక్ష్యం, అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

మీ డబ్బాలోని కోబాల్ట్ ఆక్టోయేట్ వంకాయ రంగులో ఉంటుంది. రెజిన్‌లో కొద్దిగా కలిపితే గులాబీ అవుతుంది. అందులో ఉన్నది రెండు ఎలక్ట్రాన్లు పోయిన కోబాల్ట్, దాన్ని కోబాల్ట్-2 అందాం. ఎంఈకేపీ ఒక హైడ్రోపెరాక్సైడ్, అందులో ఆక్సిజన్-ఆక్సిజన్ బంధం బలహీనంగా ఉంటుంది. కోబాల్ట్-2 తన ఎలక్ట్రాన్ ఒకటి ఇచ్చి ఆ బంధాన్ని విరగ్గొడుతుంది. విరిగిన ముక్కల్లో ఒకటి ఫ్రీ రాడికల్, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన ముక్క, అదే మోనోమర్ మీద పడి గొలుసు మొదలుపెడుతుంది. ఎలక్ట్రాన్ ఇచ్చేసిన కోబాల్ట్ కోబాల్ట్-3 అవుతుంది, దానిది పసరు రంగు. ఆ కోబాల్ట్-3 ఇంకో ఎంఈకేపీ అణువు దగ్గర ఎలక్ట్రాన్ తీసుకుని మళ్లీ కోబాల్ట్-2 అవుతుంది. ఇలా చక్రం తిరుగుతుంది కాబట్టే చిటికెడు కోబాల్ట్ సరిపోతుంది. మొదటి అడుగు వేగంగా, రెండోది నెమ్మదిగా నడుస్తుంది. అందుకే మగ్గులో మీకు కనపడేది ఎక్కువగా కోబాల్ట్-3 రంగు. మొదటి అడుగు పడిందన్న సంగతి ఒక్కటే ఆ పసరు రంగు చెబుతుంది. పాలియెస్టర్‌లోనైనా, మీ అక్రిలిక్‌లోనైనా అంతే.

మరి పాలియెస్టర్ ఎందుకు సెట్ అయింది, ఇదెందుకు కాలేదు? పాలియెస్టర్ రెజిన్‌లో ప్రతి గొలుసుకీ ముందే చాలా డబుల్ బాండ్లు, అంటే తెరుచుకుని పక్క అణువుతో కలవగల జంట బంధాలు, ఉంటాయి. రెజిన్‌లోనే ఉండే స్టైరిన్ అనే మోనోమర్ వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తే చాలు, వల తయారవుతుంది. మొత్తం డబుల్ బాండ్లలో కొద్ది శాతం వాడగానే అది జెల్ అయిపోతుంది. వేలు పెడితే అంటదు, మగ్గు వంచితే కారదు. మీరు "సెట్ అయింది" అనేది ఈ దశనే. మిథైల్ మెథాక్రిలేట్‌కి అణువుకొకటే డబుల్ బాండ్. గొలుసులు పక్కపక్కనే పెరుగుతాయి తప్ప ముడిపడవు. అందులో పదో వంతు పాలిమర్ అయినా కంటికి కాస్త చిక్కటి సిరప్పే కనపడుతుంది. గట్టిబడాలంటే చాలా దూరం పోవాలి. అందుకు కావలసినన్ని రాడికల్స్‌ని మీరు వేసిన కోబాల్ట్, ఎంఈకేపీ జత గది వేడిలో ఇవ్వలేకపోయింది. పాలియెస్టర్‌ని జెల్ చేయడానికి సరిపోయిన రాడికల్స్ ఇక్కడ సిరప్‌ని చిక్కబరచడానికి మాత్రమే సరిపోయాయి. రెండు మగ్గుల్లోనూ రంగు ఒకటే, లోపల జరిగింది వేరు.

రెండో కారణం గాలి. ఆక్సిజన్ ఫ్రీ రాడికల్‌ని కలుసుకుంటే వదలదు. మెథాక్రిలేట్ రాడికల్ ఇంకో మోనోమర్‌తో కలిసే వేగ స్థిరాంకం 25 డిగ్రీల దగ్గర సుమారు 320 ఉంటే, ఆక్సిజన్‌తో కలిసేది వంద కోట్ల దగ్గర ఉంటుంది. అంటే పది లక్షల రెట్లకు పైగా తేడా. సిరప్‌లో కరిగిన గాలి కొంచెమే అయినా ముందు అది ఖర్చవ్వాలి, తర్వాత తయారీదారు నిల్వలో గట్టిపడకుండా వేసిన ఇన్హిబిటర్ అనే మందు ఖర్చవ్వాలి, ఆ తర్వాతే గొలుసు నిజంగా పెరుగుతుంది. ఈ ఎదురుచూపులో కూడా కోబాల్ట్ రంగు మార్చేసి కూర్చుంటుంది. పై పొరకైతే గాలి నిరంతరం అందుతూనే ఉంటుంది కాబట్టి లోపల గట్టిపడినా పైన జిగట పోదు. అక్రిలిక్ ఫ్లోరింగ్ చేసేవాళ్లు సిరప్‌లో కొంచెం పారఫిన్ మైనం కరిగించి వేసేది అందుకే. మోనోమర్ పాలిమర్ అవుతున్నకొద్దీ మైనం పైకి తేలి, పాల మీద మీగడ కట్టినట్టు కట్టి, గాలిని ఆపుతుంది.

కోబాల్ట్ రెట్టింపు చేస్తే ఆలస్యమవడం చూసి మీరు ఆశ్చర్యపోయారు. అది పొరపాటున జరిగింది కాదు. కోబాల్ట్-2 ఎక్కువైతే పుట్టిన రాడికల్‌కి కూడా ఎలక్ట్రాన్ ఇచ్చి దాన్ని చంపేస్తుంది, తను కోబాల్ట్-3 అయిపోతుంది. మోనోమర్‌ని చేరాల్సిన రాడికల్ దారిలోనే పోతుంది. పసరు రంగు మాత్రం ఇంకా ముదురుతుంది. పాలియెస్టర్ షాపుల్లో కూడా చలికాలం పొద్దున్నే "సెట్ అవట్లేదు, ఇంకొంచెం కోబాల్ట్ కొట్టు" అనే మాట వింటూంటాను. ఒక హద్దు దాటాక ఆ ఇంకొంచెం నష్టమే చేస్తుంది. అసలు కావలసింది గది వేడి చేసుకోవడం.

ఇక్కడ ఒక మాట అదనంగా చెప్పాలి. కోబాల్ట్ అనగానే అన్నీ ఒకటే అనుకోకండి. లోహం చుట్టూ ఏ అణువులు కట్టి ఉన్నాయో, వాటినే లైగాండ్లు అంటాం, దాన్నిబట్టి దాని గుణం మారిపోతుంది. నీళ్లలో ఆమ్లంతో ఉన్న కోబాల్ట్-3 ఎంత బలమైన ఆక్సిడైజర్ (ఎలక్ట్రాన్లు లాక్కునేది) అంటే పెరాక్సైడ్ లేకుండానే మెథాక్రిలేట్‌ని మొదలుపెట్టేస్తుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో సంతప్ప గారు, వారి శిష్యులు కోబాల్ట్-3, సీరియం-4 లాంటి అయాన్లు (ఎలక్ట్రాన్లు పోయిన లోహాలు) మెథాక్రిలేట్ జాతి వినైల్ మోనోమర్లను ఎలా మొదలుపెడతాయో ఏళ్ల తరబడి కొలిచారు. ఆయనే తర్వాత తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా కూడా పనిచేశారు. అంతకుముందు ఇంగ్లండ్‌లో ఎవాన్స్, ఉరీలతో కలిసి 1951లో ఆయన అచ్చువేసిన పని ఇంకా ముచ్చటైనది. నీళ్లలో ఇనుము-3 హైడ్రాక్సైడ్‌తో జతకట్టి ఉన్నప్పుడు వెలుగు పడితే ఆ జతలోనే ఎలక్ట్రాన్ ఇటు నుంచి అటు దూకి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుందని, అదే మోనోమర్‌ని అందుకుంటుందని చూపించారు. లోహపు కాంప్లెక్స్‌కి రంగు తెచ్చేదీ, రాడికల్‌ని పుట్టించేదీ ఒకే ఎలక్ట్రాన్ దూకుడు అన్నది దీనికంటే స్పష్టంగా చెప్పే ప్రయోగం నాకు తెలియదు.

అదే కోబాల్ట్-2ని పోర్ఫిరిన్ లాంటి వలయంలోనో, కోబాలోక్సిమ్ అనే చట్రంలోనో కట్టేస్తే ఇంకో గుణం వస్తుంది. పెరుగుతున్న మెథాక్రిలేట్ గొలుసు దగ్గర ఒక హైడ్రోజన్ లాక్కుని దాన్ని అక్కడికక్కడ ఆపేసి, ఆ హైడ్రోజన్‌ని వేరే మోనోమర్‌కి ఇచ్చి కొత్త గొలుసు మొదలుపెడుతుంది. పది లక్షల్లో కొన్ని భాగాలు వేసినా గొలుసులన్నీ పొట్టిగా మిగిలిపోతాయి. 1970లలో సోవియట్ శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు, పొట్టి గొలుసులు కావాల్సిన పెయింట్ పరిశ్రమకి ఇది వరమైంది. మెమెంటో పోసేవాళ్లకి మాత్రం ఇది అక్కరకు రాదు. మీ ఆక్టోయేట్ ఈ పని చేయదు, భయపడకండి. "కోబాల్ట్ కాంప్లెక్స్" అన్న పేరు చూసి తెలియని సీసా కొనకండని చెప్పడానికే ఇంత చెప్పాను.

ఇక రంగు నిజంగా పనికొచ్చే చోట్లు చెప్తాను. రాగితో నేను చూసింది ఎప్పటికీ మరచిపోను. 1995లో అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని మాతియాషెవ్‌స్కీ ల్యాబ్, జపాన్‌లో క్యోటోలోని సావామోటో బృందం విడివిడిగా ఒక పద్ధతి చూపించాయి. మొదటివాళ్లది రాగి, రెండోవాళ్లది రుథీనియం. దాన్ని ఏటీఆర్‌పీ అంటారు. ఇందులో రాగి-1 ఒక ఆల్కైల్ బ్రోమైడ్ (బ్రోమిన్ తగిలించిన కార్బన్ అణువు) నుంచి బ్రోమిన్ లాక్కుని రాడికల్‌ని వదులుతుంది, తను రాగి-2 అవుతుంది. మళ్లీ ఆ బ్రోమిన్‌ని తిరిగిచ్చి గొలుసుని నిద్రపుచ్చుతుంది. ఇలా లేపుతూ, నిద్రపుచ్చుతూ గొలుసులన్నిటినీ ఒకే పొడుగులో పెంచవచ్చు. మొదలుపెట్టేది బ్రోమైడే, రాగి దాన్ని లేపేది మాత్రమే. ఈ తేడా గుర్తుంచుకోండి.

రాగి-1 బ్రోమైడ్, బైపిరిడీన్ అనే లైగాండ్ కలిపితే మెథాక్రిలేట్ ముదురు ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. ఫ్లాస్క్‌లో గాలి పూర్తిగా తీసేసి ఉంటే గంటల తరబడి అదే రంగు. రబ్బరు మూతకి సూది రంధ్రం ఎక్కడైనా సరిగ్గా మూసుకోకపోతే, ముందు గాజు అంచు దగ్గర సన్నని ఆకుపచ్చ గీత కనపడుతుంది, అది మెల్లగా కిందికి పాకుతుంది. ఆ గీత కనపడిందంటే ఆ రోజు పని పోయినట్టే. ఇక్కడ రంగు చక్కటి కాపలాదారు. పాలిమర్ గురించి ఏమీ చెప్పకపోయినా, గాలి లోపలికి వచ్చిందన్న సంగతి కచ్చితంగా చెబుతుంది. చివర్లో మనమే మూత తీసి గాలి తగలనిస్తాం. గోధుమ రంగు ద్రవం కళ్లముందే పచ్చబడుతుంది. దాన్ని అల్యూమినా పొడి నింపిన గొట్టంలోంచి పంపితే పచ్చదనమంతా పై అంగుళంలోనే పట్టుకుపోతుంది, కింద నీళ్లలాంటి ద్రవం చుక్కచుక్కగా దిగుతుంది. దాన్ని మిథనాల్‌లో పోస్తే తెల్లని దూది తేలుతుంది. అదే పాలిమర్. దానికి ఏ రంగూ లేదు, అప్పటిదాకా మనం చూసిన రంగులన్నీ రాగివే.

రాగి ఇంకో పని మీరు రోజూ చూసేదే, గమనించి ఉండరు. బోల్టులకి వేసే థ్రెడ్‌లాకర్ కూడా మెథాక్రిలేటే. 1953లో అమెరికాలో హార్ట్‌ఫోర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ తయారుచేశాడు, తర్వాత లాక్‌టైట్ అయింది. సీసాలో గాలి తగులుతున్నంతకాలం ద్రవంగా ఉంటుంది, బోల్టు మర చుట్ల మధ్య గాలి అందక గట్టిపడుతుంది. అందులో క్యూమీన్ హైడ్రోపెరాక్సైడ్ ఉంటుంది, దాన్ని విరగ్గొట్టే లోహం మాత్రం బోల్టే ఇవ్వాలి. ఒక ఇత్తడి నట్టు, ఒక స్టెయిన్‌లెస్ నట్టు తీసుకుని ఒకేసారి చుక్క వేసి బిగించి చూడండి. ఇత్తడిది టీ తాగి వచ్చేలోపు చేత్తో తిరగనంటుంది. స్టెయిన్‌లెస్‌ది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఇత్తడిలో రాగి ఉంది, స్టెయిన్‌లెస్ మీద ఉన్న ఆక్సైడ్ పొర లోహాన్ని బయటికి రానివ్వదు. అందుకే స్టెయిన్‌లెస్‌కి, జింక్ పూతకి ముందు రాగి లవణం కరిగించిన యాక్టివేటర్ స్ప్రే చేస్తారు. ఇదంతా జరుగుతున్నా రంగు మారదు. ఆ సీసాల్లో ఊదా, నీలం, ఎరుపు వేసేది ఎంత గట్టిగా పట్టుకుంటుందో గుర్తుపట్టడానికే. నీలం పానాతో విప్పొచ్చు, ఎరుపైతే వేడి చేయాలి అని మెకానిక్‌లు చెప్పేది దాని సంగతే.

సీరియం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకి దగ్గరగా వచ్చేది అదే. సీరిక్ అమ్మోనియం నైట్రేట్ నారింజ రంగు ఉప్పు. ఉడికించిన గంజిలో అది వేస్తే గంజిలోని ఆల్కహాల్ గుంపుల నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని, గంజి గొలుసు మీదే రాడికల్‌ని పుట్టిస్తుంది. అక్కడినుంచి అక్రిలోనైట్రైల్ అనే మోనోమర్ కొమ్మలా పెరుగుతుంది. 1958లో మీనో, కైజర్‌మన్ ఈ దారి చూపించారు. 1970లలో అమెరికా వ్యవసాయ శాఖ పియోరియా ల్యాబ్‌లో దీనితోనే తన బరువుకి వందల రెట్లు నీళ్లు తాగే పదార్థం చేశారు, దానికి సూపర్ స్లర్పర్ అని పేరు పెట్టారు. సీరియం-4 పసుపు, సీరియం-3కి రంగు లేదు. గంజిలో వేసిన పసుపు తేలిపోతుంటే మొదలుపెట్టే పని జరుగుతోందని అర్థం, పూర్తిగా పోతే సీరియం ఖర్చయిపోయిందని అర్థం. అప్పటికీ కొమ్మలు పెరుగుతూనే ఉండవచ్చు, ఆగిపోయి ఉండవచ్చు.

అసలు విశేషం ఆ తర్వాత. ఆ అంటుకట్టిన గంజిని కాస్టిక్ సోడాతో మరగబెడితే మిశ్రమం ఒక్కసారిగా ఇటుక ఎరుపు తిరుగుతుంది, మరగ్గా మరగ్గా ఆ ఎరుపు విరిగి లేత పసుపు అవుతుంది. ఆ పసుపు వచ్చిందాకా ఆగమని ప్రతి తయారీ విధానంలోనూ రాస్తారు. ఇక్కడ లోహం ఊసే లేదు. ఎరుపు పాలిమర్ గొలుసుదే. పక్కపక్కనున్న నైట్రైల్ గుంపులు (కార్బన్, నైట్రోజన్ జతలు) చేతులు కలిపి కార్బన్, నైట్రోజన్ డబుల్ బాండ్ల వరుస కట్టినప్పుడు ఎరుపు వస్తుంది, ఆ వరుస తెగి ఆమ్ల గుంపులుగా మారినప్పుడు పోతుంది. రంగు గొలుసుదే కాబట్టి గొలుసుకి ఏమవుతుందో అది చెప్పగలుగుతోంది. మీరు వెతుకుతున్న సూచిక ఇలాంటిది. లోహం దాన్ని ఇవ్వలేదు.

మాంగనీస్ అసిటైల్అసిటోనేట్ కూడా మెథాక్రిలేట్‌ని మొదలుపెడుతుంది. కాఫీ డికాషన్ రంగు, మాంగనీస్-2 అయ్యేకొద్దీ తేలిపోతుంది. ఫ్రాన్స్‌లో మ్యూల్‌హౌస్ శాస్త్రవేత్తలు ఇలాంటి లోహపు అసిటైల్అసిటోనేట్లకి ఫాస్ఫీన్ జతచేసి పెరాక్సైడ్ లేకుండానే గది వేడిలో గట్టిపడేలా చేశారు. వెనేడియం కాంప్లెక్స్‌లు కూడా రంగులు మారుస్తాయి, పెరాక్సైడ్లని విరగ్గొడతాయి. పారదర్శకమైన మెమెంటోకి ఇవేవీ పనికిరావు, ఎందుకంటే ఎంతో కొంత మరక మిగిల్చి పోతాయి.

రంగుని మనం ఇంకే పనులకి వాడుతున్నామో చూస్తే మీ ఆలోచన ఇంకా తేటపడుతుంది. కార్ డెంటింగ్ షాపులో బూడిద రంగు పుట్టీకి ఎర్ర హార్డెనర్ కలుపుతారు. మొత్తం ఒకే గులాబీ రంగు వస్తే బాగా కలిసిందని, చారలుంటే కలవలేదని. అది కలిసిందన్న మాట చెబుతుంది, గట్టిపడిందని చెప్పదు. ఎముకల ఆపరేషన్లలో వాడే బోన్ సిమెంట్ కూడా ఇదే మిథైల్ మెథాక్రిలేట్. 1958 నుంచి ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ దానితో తుంటి కీళ్లు బిగించడం మొదలుపెట్టారు. పాలకోస్ అనే సిమెంట్‌లో ఆకుపచ్చ ఉంటుంది, అది పత్రహరితంది. ఎముక మీద సిమెంట్ ఎక్కడుందో సర్జన్‌కి తేడా తెలియడానికే అది వేశారు. మరి గట్టిపడేది ఎలా తెలుసుకుంటారు? ముద్ద గ్లౌజుకి అంటుకుంటున్నంతసేపూ ఆగుతారు. అంటడం మానేసిన క్షణం నుంచి లెక్క. మనిషి ప్రాణం ఆధారపడ్డ చోట కూడా రంగుని నమ్ముకోలేదు, చేతినీ గడియారాన్నీ గది ఉష్ణోగ్రతనీ నమ్ముకున్నారు.

ఇప్పుడు మీ పనికి వద్దాం. కోబాల్ట్, ఎంఈకేపీ పక్కనపెట్టండి. గది వేడిలో గట్టిపడాలంటే అక్రిలిక్‌కి బెంజాయిల్ పెరాక్సైడ్, డైమిథైల్ పారాటోలుయిడీన్ అనే అమీన్ జత. కట్టుడు పళ్లకి వాడే, వేడి చేయకుండా గట్టిపడే కోల్డ్ క్యూర్ అక్రిలిక్‌లోనూ, బోన్ సిమెంట్‌లోనూ ఉన్నది అదే. సిరప్‌ని రెండు సగాలు చేయండి. ఒక సగంలో పెరాక్సైడ్, ఇంకో సగంలో అమీన్ కరిగించండి. మొత్తం మీద పెరాక్సైడ్ ఒక శాతం, అమీన్ అర శాతంతో పరీక్ష మొదలుపెట్టండి. పోసేముందే రెండు సగాలూ కలపండి. పెరాక్సైడ్ ఉన్న సగాన్ని ఆ రోజుకి సరిపడానే కలుపుకోండి, రేపటికి దాచకండి. సిరప్‌లో ముందే పాలిమర్ పొడి బాగా కరిగించి చిక్కగా చేసుకుంటే పని సగం తేలికవుతుంది. చిక్కగా ఉన్నచోట గొలుసు చివరలు ఒకదాన్నొకటి కలుసుకుని ఆగిపోవడం కష్టం, అందుకే పాలిమరైజేషన్ దానంతటదే వేగం పుంజుకుంటుంది. కుంచించుకుపోవడమూ తగ్గుతుంది. ఒట్టి మోనోమర్ గట్టిపడితే పరిమాణంలో ఐదో వంతు కుంచించుకుపోతుంది. బోన్ సిమెంట్‌లో రెండు పాళ్లు పొడి, ఒక పాలు ద్రవం ఉండేది అందుకే. కొంచెం ఇథిలీన్ గ్లైకాల్ డైమెథాక్రిలేట్ వేస్తే పాలియెస్టర్‌లా వల కూడా కడుతుంది.

వేడి విషయం జాగ్రత్త. కిలో మోనోమర్ పాలిమర్ అయితే దాదాపు 560 కిలోజౌళ్ల వేడి వస్తుంది. అది బయటికి పోకపోతే 250 డిగ్రీలకు పైగా పెరిగేంత వేడి. మోనోమర్ మరిగేది 100 డిగ్రీల దగ్గరే. మందంగా పోసి తొందరపెడితే లోపల బుడగలతో మెమెంటో జున్నుముక్కలా తయారవుతుంది. సన్నని వాటికి పై జత సరిపోతుంది. అంగుళం దాటిన వాటికి నా సలహా వేరు. అమీన్ మానేయండి, కాలం గడిస్తే అది పసుపు తెస్తుంది. ఏఐబీఎన్ అనే, వేడికి విరిగి రాడికల్స్ ఇచ్చే పదార్థం చాలా కొద్దిగా, శాతంలో ఇరవయ్యో వంతు వేసి, 45 నుంచి 50 డిగ్రీల నీళ్ల తొట్టిలో రాత్రంతా ఉంచి, గట్టిపడ్డాక చివరికి 100 డిగ్రీల పైన రెండు మూడు గంటలు ఉంచండి. ఆ చివరి వేడి తప్పనిసరి. గది వేడిలో గట్టిపడ్డ అక్రిలిక్‌లో గొలుసులు బిగుసుకుపోయి మిగిలిన మోనోమర్ కదల్లేక అలాగే ఉండిపోతుంది. వేడిచేస్తేనే అది కదిలి కలుస్తుంది. బయటికి గాజులా ఉన్న ముక్క ఇంకా వాసన కొడుతోందంటే లోపల మోనోమర్ ఉన్నట్టే.

పసుపు రాకుండా గది వేడిలోనే కావాలంటే, కట్టుడు పళ్ల ల్యాబుల్లో వాడే ఇంకో పద్ధతి ఉంది. బార్బిట్యూరిక్ ఆమ్లం నుంచి చేసిన పదార్థం ఒకటి, లక్షలో కొన్ని పాళ్లు రాగి, కొంచెం క్లోరైడ్. బ్రెడెరెక్ పద్ధతి అంటారు. రాగి అంత తక్కువగా ఉంటుంది కాబట్టి రంగు తేలదు. దాన్ని కలుపుకోవడం కంటే తయారుగా అమ్మే రెజిన్ కొనడమే మేలు.

గట్టిపడిందో లేదో చూడటానికి మీ షాపులో అలవాటైన అసిటోన్ గుడ్డ పరీక్ష ఇక్కడ పనిచేయదు. వల లేని అక్రిలిక్ నూటికి నూరు పాళ్లు పాలిమర్ అయినా అసిటోన్‌కి కరుగుతుంది. దానికి బదులు థర్మామీటర్ పెట్టండి. నాలుగు గాజు గొట్టాలు తీసుకుని ఒక్కోదాంట్లో పది గ్రాములు పోయండి. ఒకటి మీ పాత కోబాల్ట్ పద్ధతి, రెండోది పెరాక్సైడ్, అమీన్ జత, మూడోది అదే జతకి పొడి కరిగించిన చిక్కటి సిరప్, నాలుగోది ఆ చిక్కటి సిరప్‌లోనే కొంచెం పారఫిన్ కరిగించింది. ఐదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత, రంగు, పుల్ల పెడితే ఎలా కదులుతుందో రాసుకోండి. మొదటి గొట్టంలో రంగు మొదటి నిమిషాల్లోనే మారిపోయి, ఉష్ణోగ్రత గంటల తరబడి గది దగ్గరే ఉంటుంది. మూడో గొట్టంలో రంగు పెద్దగా ఏమీ కనపడదు, కానీ ఒక దశలో వేడి నిట్టనిలువుగా ఎగబాకి దిగుతుంది. ఆ శిఖరం దాటాక చాలావరకు గట్టిపడిందని నమ్మవచ్చు.

రంగుతోనే పని కావాలంటే, మెమెంటో కాని పనులకి, ఎర్ర రంగు కలిపిన ఎంఈకేపీ దొరుకుతుంది. పాలియెస్టర్ గట్టిపడేకొద్దీ ఆ ఎరుపు మాయమవుతుంది. అది లోహం రంగు కాదు, రాడికల్స్ తినేసే డై. దాన్ని కూడా పనివాళ్లు ఫైబర్ గుడ్డని ఎక్కడిదాకా తడిపారో చూసుకోవడానికే ఎక్కువ వాడతారు.

ఇక చివరిగా ఒకటి, దీన్ని దాటవేయకండి. కోబాల్ట్‌నీ ఎంఈకేపీనీ ఎప్పుడూ నేరుగా కలపకూడదని మీకు తెలుసు. పెరాక్సైడ్ పొడి మీద అమీన్ చుక్క నేరుగా పడనివ్వకూడదన్నది కూడా అంతే ముఖ్యం. నేను మొదట పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్రాడు కోబాల్ట్ కొలిచిన గ్లాసు కడగకుండా దాంట్లోనే ఎంఈకేపీ పోశాడు. అడుగున మిగిలింది చెంచాడు కూడా ఉండదు. రంగు మారింది చూసేలోపే ఉస్సుమని పొగ, మంట. మోచేయి దాకా కాలింది. మూడు నెలలు పనిలోకి రాలేకపోయాడు. అప్పటినుంచి నా దగ్గర రెండిటికీ రెండు గ్లాసులు, రెండు రంగుల టేపు, రెండు వేర్వేరు బల్లలు. మీరూ పెరాక్సైడ్‌కి ఒక బల్ల, అమీన్‌కి ఒక బల్ల పెట్టుకోండి. మోనోమర్ ఆవిరికి నిప్పు త్వరగా అంటుకుంటుంది, పల్చటి గ్లౌజుల్లోంచి అది చర్మానికి దిగిపోతుంది, అందుకని గ్లౌజులు తడిస్తే వెంటనే మార్చండి. నాలుగు గొట్టాల ఉష్ణోగ్రతలు, టైములు, ఆ రోజు గది వేడి రాసి పంపితే మీ సిరప్‌కి ఎంత పెరాక్సైడ్ సరిపోతుందో లెక్క చూసి చెప్తాను.